కీర్తిశేషుడు కాని కాస్పర్

చీపురుపల్లి మెయిన్‌రోడ్డులో నరసింగరావు గారి స్టీలు సామాన్ల కొట్టు గుమ్మానికి ఎడమ పక్క ఒక పొట్టి బల్ల ఉంటుంది. దాని వెనక ముప్ఫై ఒక్క ఏళ్లుగా సోములు కూర్చుంటున్నాడు. గిన్నెల మీద పేర్లు కొట్టడం ఆయన పని. చేతిలో లావుపాటి పెన్నులాంటి మిషను, దాని తోకకు కరెంటు తీగ. స్విచ్చి వేస్తే మొన గుర్రుమంటూ వణుకుతుంది. ఆ వణుకును అదుపులో పెట్టి స్టీలు మీద గుండ్రటి అక్షరాలు దింపుతాడు. ఎదుటివాళ్లు పేరు చెబుతూ ఉంటే తల ఎత్తకుండా రాసేయడం ఆయన గొప్ప. ఆయనకున్న గొప్ప అదొక్కటే, దాన్ని కూడా ఎవరైనా అడిగితేనే చెబుతాడు.

ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు కంచం అంచు చూసుకునే అలవాటు ఉంది. ఒకసారి పెళ్లివారింట్లో పప్పు గిన్నె ఎత్తి అడుగున ఎవరి పేరుందో చదవబోయి, పప్పంతా పంచె మీద పోసుకున్నాడు. "నాను రాసిందే" అన్నాడట, తుడుచుకుంటూ.

ఇప్పుడు విజయనగరంలో లేజరు మిషన్లు వచ్చాయి. పేరే కాదు, ఫొటో కూడా దింపేస్తున్నారు. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ ముహూర్తం ముందే తెలుస్తుంది కనక జనం అక్కడికి వెళ్లి వేయించుకుంటున్నారు. చావుకే అంత వ్యవధి ఉండదు. పదకొండో రోజుకి గిన్నెలు పంచాలంటే దగ్గర్లో ఉన్నవాడే దిక్కు. అందుచేత ఈ నాలుగేళ్లుగా సోములు చెయ్యి ఎక్కువగా రాస్తున్నది రెండే రెండు అక్షరాలు: కీ.శే. పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికి వంద కీర్తిశేషులు. యాభై ఏడేళ్ల మనిషికి రోజంతా ఇదే పనంటే, ఇంటికి వెళ్లాక భార్య ఈశ్వరితో మాట్లాడడానికి కూడా ఓపిక మిగలదు. ఆవిడకి అదొక కోపం.

ఇలాంటి మనిషికి కార్ల రేసుల పిచ్చి ఎలా పట్టిందంటే, దానికి షావుకారు గారి అబ్బాయి పృథ్వీరాజ్ కారణం. ముప్ఫై ఏళ్లవాడు, ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు చూసుకుంటాడు. బేరాల్లేని వేళ ఫోన్లో రేసు పెట్టుకునేవాడు. మొదట్లో సోములు "ఏటి బాబూ, ఆ ఈగల మోత" అని విసుక్కున్నాడు. తర్వాత ఒకరోజు తల తిప్పి చూశాడు. ఒక పసుప్పచ్చ కారు. తోలేవాడి పేరు కాస్పర్. ఎక్కడో చలి దేశపు కుర్రాడు.

"ఈడు సూడు బాబూ, పతీ సుట్టూ ఆ మలుపులో అక్కడే తిప్పుతన్నాడు. ఈసం కూడా తేడా లేదు," అన్నాడు సోములు.

"అందరూ అంతే కదా మావా."

"అందరూ కాదు. ఆ నల్ల కారోడు సూడు, ఓసారి ఇలగ, ఓసారి అలగ. అది గిలకడం. ఈడిది రాత."

ఆ నల్ల కారువాడే డురాన్. నాలుగుసార్లు చాంపియన్. పృథ్వీరాజ్ ప్రాణం. అప్పటినుంచి కొట్టులో రెండు పార్టీలు. ఆ ఏడాది మొత్తం వీళ్లిద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూనే గడిపారు. ఒక వారం కాస్పర్ ముందు, ఒక వారం డురాన్ ముందు. కాస్పర్‌కి ఇంతవరకు ఒక్క పట్టం కూడా లేదు. ఆఖరి రేసు నాటికి ఇద్దరి పాయింట్లూ ఎంత దగ్గరికి వచ్చాయంటే, ఆ రోజు ఇద్దరిలో ఎవడు ముందొస్తే వాడిదే ఆ ఏటి పట్టం.

ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. ఇరవై రేసులు జరిగితే సోములు ఒక్కటి కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదు. ఒకసారి సగంలో బేరం. ఒకసారి కరెంటు లేదు. ఒకసారి ఈశ్వరి ఫోన్ చేసి గ్యాసు బండ వచ్చింది రమ్మంది. ఒకసారి, ఇది ఆయన ఒప్పుకోడు గానీ, నిద్రపోయాడు. అందుకని ఆఖరిది మాత్రం పూర్తిగా చూసి తీరాలని పెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి మొదలు. బంగారురాజు గారి తల్లి పెద్దకర్మకి ఎనభై గిన్నెల పని ఉంటే, శనివారమే వంచిన నడుం ఎత్తకుండా పూర్తి చేసి, అట్టపెట్టెల్లో సర్దేశాడు.

ఆదివారం షట్టరు సగం దించి, కుక్కరు డబ్బాకి ఫోను ఆనించి రబ్బరు బ్యాండు వేశారు. రెండు కుర్చీలు. రెండు టీలు. రెండుకి పది నిమిషాలుందనగా షట్టరు కింద నుంచి వంగి, కొత్తగా గుండు చేయించుకున్న తల ఒకటి లోపలికి వచ్చింది. బంగారురాజు.

దగ్గర్లోని పల్లెలో వరీ నువ్వులూ పండించే రైతు. సోములుకి వరసకి బావ. పది రోజులుగా నిద్ర లేదని కళ్లు చెబుతున్నాయి.

"సోములూ, ఇంకో నలభై గావాల," అన్నాడు గుమ్మం మెట్టు మీదే కూర్చుని.

"నలభయ్యా?"

"మా మేనమామలోళ్లని లెక్కలో మరిసిపోయేం. రేపు పొద్దున్నే కర్మ. ఆళ్లకి గిన్నె అందకపోతే ఇంక జన్మంతా సెప్పుకుంటారు, తోడబుట్టిన అప్ప సచ్చిపోతే గిన్నె కూడా ఇవ్వలేదని."

సోములు ఫోను వైపు చూశాడు. కార్లన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. గుండు వైపు చూశాడు. గుండుకి ఎవరు కాదనగలరు?

"ఒక్కో గిన్నెకీ మూడు నిమిషాలు పడతాది బావా," అన్నాడు నీరసంగా.

"కూకుంటాను. ఇంటికెల్లినా సేసేదేటి లేదు. అక్కడ ఆడోళ్లందరూ నా మొకమే సూస్తన్నారు."

పృథ్వీరాజ్ నలభై గిన్నెలు దించి పెట్టాడు. "నీకేం మావా, నువ్వు చూడక్కర్లేదు కదా, నీ చెయ్యే రాసుకుంటాది. కళ్లు ఇటు పెట్టు," అన్నాడు.

సోములుకి ఆ మాట నచ్చింది. ఎవరూ అడక్కుండానే గొప్పను ఒప్పుకున్నారు మరి. ఫోనును బల్లకి ఎదురుగా జరిపించి, మిషను పట్టుకున్నాడు.

కీ.శే. భాగ్యవతి గారి జ్ఞాపకార్థం, కుమారుడు బంగారురాజు. ఇదీ రాయాల్సింది. రాసిన గిన్నెను పక్కకి జరిపితే బంగారురాజు అందుకుని, గుడ్డతో తుడిచి, ఒకసారి చదివి, పెట్టెలో పెట్టేవాడు. ప్రతి గిన్నె మీదా తల్లి పేరు చదివేవాడు. మొదటి పదింటికి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత చదవడం ఒక పని అయిపోయింది. ఇరవయ్యో దగ్గర ఆవులించాడు.

ఆ ఆవులింత తర్వాత ఫోను వైపు చూశాడు. "ఏటది?"

"కార్ల రేసు బాబాయ్," అన్నాడు పృథ్వీరాజ్.

"ఎక్కడికెళ్తన్నారు?"

"ఎక్కడికీ వెళ్లరు. అక్కడే అరవై చుట్లు తిరుగుతారు."

"మా ఎద్దు కళ్లంలో నూరిపికి తిరిగినట్టా?" అని, కాసేపు చూసి, "మనోడెవుడు?" అన్నాడు.

"పసుప్పచ్చోడు," అన్నాడు సోములు, తల తిప్పకుండా.

"నల్లోడు," అన్నాడు పృథ్వీరాజ్.

"అయితే పసుప్పచ్చోడే నాకూనూ. బావ పార్టీ." బంగారురాజు మెట్టు మీద నుంచి రెండు అడుగులు లోపలికి జరిగాడు.

ముప్ఫై ఎనిమిదో చుట్టు. కాస్పర్ అందరికన్నా ముందు. డురాన్ వెనకనే అంటుకుని ఉన్నాడు. ఫోనులో వ్యాఖ్యాతలిద్దరూ ఊపిరి తీయకుండా కాస్పర్, కాస్పర్ అంటున్నారు. పృథ్వీరాజ్ కూడా గోళ్లు కొరుక్కుంటూ, "ఈ కాస్పర్ గాడు దారి ఇవ్వడేంటి" అంటున్నాడు. సోములు కళ్లు తెర మీద, చెయ్యి గిన్నె మీద. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చెవిలో పడిన పేరును చేతిలోంచి దించుతున్న మనిషి. ఏ పేరైతే చెవిలో పడుతోందో అదే దిగింది. ఇరవై మూడో గిన్నె పక్కకి జరిగింది.

బంగారురాజు అందుకున్నాడు. తుడిచాడు. చదివాడు. మళ్లీ తుడిచి, మళ్లీ చదివాడు. ఈసారి పైకి.

"కీర్తిశేషులు కాస్పర్ గారి జ్ఞాపకార్థం. కుమారుడు బంగారురాజు."

మిషను ఆగింది.

"సోములూ, ఈ కాస్పర్ ఎవులు? నాను ఆడి కొడుకునేటి? మాయమ్మ ఇంటే పైనుంచి దిగొచ్చి తంతాది."

పృథ్వీరాజ్ నవ్వు ఆపుకోలేక కుక్కరు డబ్బా పట్టుకున్నాడు. సోములు నవ్వలేదు. గిన్నె లాక్కుని చూసుకున్నాడు. తన చేతిరాతే. ఎంత చక్కగా వచ్చిందంటే, తప్పు సంగతి పక్కన పెడితే ఆ రోజు రాసినవాటిలో అదే బాగుంది.

"బతికున్నోడి పేరు ముందర కీ.శే. పెట్టేసినాను," అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఫోనులో వ్యాఖ్యాతలు అరిచారు. పసుప్పచ్చ కారు మలుపులో గోడని రాసుకుంది. ముందు రెక్క ముక్క ఎగిరి పడింది. నిప్పురవ్వలు. కారు ఊగిసలాడి, మళ్లీ దారిలో పడి, బాగుచేయించుకోడానికి పక్కకి మళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆరో స్థానం. డురాన్ ముందున్నాడు. ఇంకా ఇరవై చుట్లు ఉన్నాయి.

కొట్టులో ముగ్గురూ ముందు గిన్నె వైపు చూశారు, తర్వాత ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పృథ్వీరాజ్ ఇంజనీరింగు చదివాడు. వాడు కూడా చూశాడు.

"నీ యమ్మ కడుపు మాడ, ముందది సెరిపీ సోములూ," అన్నాడు బంగారురాజు. "అన్నెం పున్నెం ఎరగని పిల్లోడు."

ఇక్కడే సోములు ముందు రెండు దారులున్నాయి. ఆ గిన్నెను పక్కన పడేసి, రేసు చూసుకోవచ్చు. ఏడాదంతా ఎదురుచూసిన ఇరవై చుట్లు. లేదా తల వంచి చెరపొచ్చు. స్టీలు మీద కొట్టిన అక్షరం చెరపడం అంటే బలపం తుడిచినట్టు కాదు. ఉప్పుకాగితం పెట్టి, బలంకొద్దీ రుద్దాలి. కళ్లు దాని మీదే ఉండాలి. పక్కకి చూస్తే వేళ్ల చర్మం ఊడుతుంది.

సోములు సొరుగులోంచి ఉప్పుకాగితం తీశాడు. కుర్చీని ఫోనుకి వీపు వచ్చేలా తిప్పుకున్నాడు, మనసు అటు పోకుండా.

"నాను పట్టుకుంటాను, నువ్వు రుద్దు," అని బంగారురాజు గిన్నె రెండు చేతులా అదిమి పట్టాడు.

సోములు కాస్పర్ అన్న మాట దగ్గర కాగితం ఆనించాడు. బంగారురాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేరు సెరిపితే మనిషే పోతాడు రా. ముందు కీ.శే. సెరుపు."

ఇది న్యాయంగానే తోచింది. కీ మీద రుద్దడం మొదలుపెట్టాడు. రెండు చుట్లలో కీ పోయింది.

"అయిదో స్థానం," అన్నాడు పృథ్వీరాజ్ వెనక నుంచి.

"సూసినావా," అన్నాడు బంగారురాజు గొంతు తగ్గించి. "ఇంకా రుద్దు."

శే కూడా పోయింది. అవతల నాలుగు. పృథ్వీరాజ్ గొంతులో మొదట వెటకారం ఉండేది. ఇప్పుడు అది తగ్గి, కంగారు వచ్చింది. పాపం, వాడు డురాన్ పార్టీ. "మావా, కాస్త మెల్లిగా రుద్దరాదా," అన్నాడు.

"నోరుముయ్యెహె. నువ్వు సెప్పేది సెప్పు," అన్నాడు బంగారురాజు.

ఎనిమిది చుట్లున్నాయి. కాస్పర్ మూడు. కీ.శే. పూర్తిగా పోయి, అక్కడ మసకగా ఒక మచ్చ మిగిలింది. ఇప్పుడు గిన్నె మీద "కాస్పర్ గారి జ్ఞాపకార్థం" అని ఉంది. అదీ బాగోలేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. బతికున్నవాడికి జ్ఞాపకార్థం ఏమిటి? చివర నుంచి రుద్దుకొచ్చారు. ర్థం పోయింది. కా పోయింది. సోములు చొక్కా తడిసిపోయింది. బంగారురాజు గుండు మీద చెమట చుక్కలు కారి గిన్నెలో పడుతున్నాయి. ఉప్పుకాగితం అరిగిపోతే ఇంకోటి తీశారు.

"రెండు," అన్నాడు పృథ్వీరాజ్. "డురాన్‌కి అంటుకుని ఉన్నాడు. ఇంకా మూడే చుట్లు. మావా, ఒక్కసారి తిరిగి చూడు, మళ్లీ దొరకదు ఇలాంటిది."

సోములు తిరగలేదు. ఇంకా జ్ఞ ఉంది. జ్ఞ రాసేటప్పుడు ఆయన మొదట్నుంచీ కాస్త గట్టిగా ఒత్తుతాడు, అందంగా వస్తుందని. ఆ లోతు ఇప్పుడు పోవడం లేదు. రుద్దాడు. బొటనవేలు గీసుకుంది. మళ్లీ రుద్దాడు. ఆఖరి చుట్టులో పృథ్వీరాజ్ చెప్పడం మానేశాడు. ఫోనులో అరుపులు. తర్వాత ఇంకా పెద్ద అరుపులు.

"ఏటయ్యింది?" అన్నాడు సోములు.

ఏడాదంతా ఈ క్షణం కోసం ఒక డాన్సు దాచుకున్నాడు పృథ్వీరాజ్, బల్ల చుట్టూ తిరిగి వేద్దామని. కూర్చున్న చోటునుంచి లేవలేదు.

"డురాన్ మావా. అర కారు తేడా."

సోములు ఉప్పుకాగితం కింద పెట్టాడు. "పిల్లోడు?"

"రెండు."

"అది కాదు. కారు దిగేడా?"

"దిగుతున్నాడు."

అప్పుడు కుర్చీ తిప్పుకున్నాడు. తెర మీద కాస్పర్ కారులోంచి బయటికి వచ్చి, దాని పక్కనే నేల మీద కూలబడ్డాడు. తలకున్న హెల్మెట్ తీయలేదు. చేతి తొడుగులు లాగేసి, రెండు చేతులూ కిందకి వేలాడదీసి, విదిలిస్తున్నాడు. మళ్లీ విదిలిస్తున్నాడు.

"ఓడిపోయినందుకు ఏడుస్తున్నాడు," అన్నాడు పృథ్వీరాజ్.

"ఏడుపు కాదది," అన్నాడు సోములు. "సేతులు తిమ్మిరెక్కిపోనాయి. రెండు గంటలు వణికే మిషను పట్టుకుంటే అలగే అవుతాది. కాసేపు ఏటి తగిలినా తెలీదు."

మూడు నిమిషాలు ముగ్గురూ ఆ చేతుల్నే చూశారు. ఎవరో వచ్చి కాస్పర్ భుజం మీద చెయ్యి వేశారు. వాడు తల ఊపాడు.

"మడిసి బాగానే ఉన్నాడు," అన్నాడు బంగారురాజు. పది రోజుల్లో ఆ మాట అనడానికి ఆయనకి ఇదే మొదటిసారి. తర్వాత పెట్టెలోకి తొంగి చూసి, ఇబ్బందిగా గుండు నిమురుకున్నాడు. "సోములూ, మరి మాయమ్మయి..."

"ఎన్నున్నాయి?"

"ఇది పోతే పద్దెనిమిది."

సోములు చేతులు రెండూ ఒకసారి విదిలించుకుని, మిషను స్విచ్చి వేశాడు. పృథ్వీరాజ్ ఫోను కట్టేసి, చెడినదానికి బదులు ఇంకో గిన్నె దించాడు. ఈసారి బంగారురాజు ఎదురుగా కూర్చుని, ప్రతి గిన్నెకీ తల్లి పేరు పైకి చెప్పాడు. పద్దెనిమిదిసార్లు. సోములు పద్దెనిమిదిసార్లు చూసుకుని రాశాడు. అయిదు గంటలకి పెట్టెలు ఆటో ఎక్కాయి.

చెడిపోయిన గిన్నె సోములు తనతో తీసుకువెళ్లాడు. దాని మీద ఇప్పుడు "కాస్పర్ గారి జ్ఞ" అని ఉంది, కిందన కుమారుడు బంగారురాజు. ఇలాంటి గిన్నె కొట్టులో ఉంటే షావుకారు గారు రేపు అడుగుతారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని పృథ్వీరాజ్‌ని బతిమాలాడు. పృథ్వీరాజ్ ఒట్టు వేశాడు. సోములు దారిలో ఉండగా ఈశ్వరి కొట్టుకి ఫోన్ చేసి "ఇంకా రాలేదేటి" అని అడిగినప్పుడు మాత్రం, అడిగారు కదా అని చెప్పేశాడు.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ఈశ్వరి అన్నం వడ్డించి కూర్చుంది. సంచీలో ఉన్న గిన్నె తీసి, వెలుతురుకి పట్టి, ఆ మచ్చను వేలితో తడిమింది.

"ఆ కీర్తిశేషుడు ఎలగున్నాడు?" అంది.

సోములు పీట మీద కూలబడ్డాడు. ఆవిడ నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది.

"బాగున్నాడు," అన్నాడు. "జ్ఞ ఒక్కటి పోనాది కాదు. లోతుగా కొట్టీసేను."

"అదొక్కటీ పోయుంటే నెగ్గుదుడేటి?"

సోములు అన్నంలో చెయ్యి పెట్టాడు. ముద్ద కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆ చెయ్యికి అన్నం వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియడం లేదు.

"ఏమో. నాను సూళ్లేదు కదా," అన్నాడు.

ఈశ్వరి గిన్నె పక్కన పెట్టి, కంచం తన వైపు జరుపుకుని, ముద్ద కలిపి ఆయన నోటికి అందించింది. ఆయన తిన్నాడు. రెండో ముద్దకి గోడకి చేరబడి కళ్లు మూసుకున్నాడు. మూడో ముద్ద ఆవిడ పట్టుకుని కూర్చుంది, ఆయన అప్పటికే గురక పెడుతున్నాడు.

బయట ఇంకా పిల్లలు ఆడుకుంటున్నారు.